ప్లేట్ల ఆంటీ పట్టి ఉంచిన కుర్చీలు

నా చిన్నప్పుడు మాకు వేసవి ఎండతో వచ్చేది కాదు. మేం ఉన్నది సింగపూర్లో. అక్కడ పన్నెండు నెలలూ ఒకటే ఉక్క, పూటకో వాన. జూన్‌లో బళ్ళు మూసేవాళ్ళు, ఊళ్ళ నుంచి చుట్టాలు దిగేవాళ్ళు, అమ్మ పై అరలోంచి పెద్ద కుక్కరు దించేది. అదీ మాకు వేసవి. నాకప్పుడు పదకొండేళ్ళు, తమ్ముడికి ఆరు.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లకు మతి పోతుందని లోకమంతా హడలిపోతున్న రోజులవి. ఆ మతి పోకుండా కాచే పనికి గుంటూరు నుంచీ, బెజవాడ నుంచీ, హైదరాబాదు నుంచీ చదువుకున్న కుర్రవాళ్ళంతా విమానాలెక్కారు. మా నాన్న కూడా అలాగే వెళ్ళి, కొన్నాళ్ళకు మమ్మల్ని తెచ్చుకున్నారు. ఆఫీసు జురాంగ్ ఈస్ట్‌లో, ఇల్లు టోవా పాయోలో, తొమ్మిదో అంతస్తు. నాన్న మేం లేవకముందే ట్రైను ఎక్కేవారు. తిరిగొచ్చాక మెడలో ఆఫీసు కార్డు తీయడం కూడా మరిచిపోయి అన్నానికి కూర్చునేవారు. శనివారం పిలిచినా వెళ్ళాలి, ఆదివారం పిలిచినా వెళ్ళాలి. వెళ్ళనంటే ఆ కుర్చీలో కూర్చోవడానికి పదిమంది కాచుకుని ఉన్నారని ఆయన అమ్మతో అనడం నేను చాలాసార్లు విన్నాను.

ఆ ఊళ్ళో మాది అనుకోదగ్గ చోటు ఒక్కటే ఉండేది. మా బ్లాకుకు నాలుగు బ్లాకుల అవతల ఒక చర్చి. పొద్దున వాళ్ళ ఆరాధనలు అయిపోయాక, వెనకవైపు హాలును ఆదివారం నాలుగింటికి మన తెలుగువాళ్ళకు ఇచ్చేవాళ్ళు. పిల్లలతో కలిపి నలభై మందిమి. ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు రెండు ఫ్యాన్లు, అందులో ఒకటే తిరిగేది. వారమంతా తొమ్మిదో అంతస్తులో తలుపు వేసుకుని ఉండే మా అమ్మ అక్కడికొస్తే గొంతెత్తి పాడేది. ఆరాధన అయ్యాక టీ కప్పు పట్టుకుని, తోటి ఆడవాళ్ళ మధ్య పకపకా నవ్వేది. అమ్మ అంత గట్టిగా నవ్వడం ఇంట్లో నేనెప్పుడూ వినలేదు.

అక్కడే ఒక పెద్దావిడ ఉండేది. ఆవిడ మాలా విమానంలో వచ్చిన మనిషి కాదు. వాళ్ళ తాతల కాలంలో విశాఖపట్నం వైపు నుంచి ఓడలో వచ్చిన కుటుంబం. పుట్టిందీ పెరిగిందీ ఆ ఊళ్ళోనే. భర్త పోయాడు, పిల్లల్లేరు. హాకర్ సెంటర్లో పని. అంటే, ఒక్క కప్పు కింద ముప్పై నలభై వంటల దుకాణాలుండే తిండి బజారు. అక్కడ జనం తినేసి లేచిన ప్లేట్లు తీసి, బల్లలు తుడవడం ఆవిడ పని. పిల్లలం చాటుగా ప్లేట్ల ఆంటీ అనుకునేవాళ్ళం. ఆవిడ తెలుగులో తమిళం, మలాయి కలిసిపోయి, మాట చివర ఆ ఊరివాళ్ళ 'లా' ఒకటి తగిలి వింతగా ఉండేది. మా తమ్ముడు ఆవిడలా మాట్లాడి ఇంట్లో అందర్నీ నవ్వించేవాడు, అమ్మ వద్దంటూనే తనూ నవ్వేది. హాలు తాళంచెవి ఆవిడ దగ్గర ఉండేది. అందరికంటే ముందొచ్చి కుర్చీలు వేసేది, అందరూ వెళ్ళాక తీసేది. అంతకు మించి ఆవిడ సంగతి మాలో ఎవరికీ పెద్దగా తెలియదు. తెలుసుకోవాలని తోచలేదు కూడా.

ఆ జూన్‌లో మొదటి ఆదివారం నాన్నకు ఆఫీసు పడింది. ఆయన లేకుండా అమ్మ మమ్మల్ని తీసుకుని కదలలేదు. సాయంత్రం నాన్న వచ్చాక, "దేవుడు ఆ హాల్లోనే ఉంటాడా ఏం? ఇంట్లో ప్రార్థన చేసుకుందాం" అన్నారు. చేసుకున్నాం. రెండో ఆదివారం తమ్ముడికి ఈత క్లాసు. ప్రార్థనకు కూర్చునేసరికి వాడు సోఫాలో నిద్రపోయాడు, లేపడం ఎందుకులే అంది అమ్మ. మూడో ఆదివారం బెజవాడ నుంచి మా మావయ్య, అత్తయ్య, వాళ్ళ పిల్లలిద్దరూ దిగారు. ఆ పూట ప్రార్థన సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. మానెయ్యాలని మాత్రం ఎవరూ అనుకోలేదు. వానకు గోడ నానినట్టు, మాకు తెలియకుండానే జరిగిపోయింది.

నాలుగో ఆదివారం మధ్యాహ్నం చుట్టాలని జూకి తీసుకెళ్ళే హడావిడిలో ఉన్నాం. కెమెరా కోసం అమ్మ బీరువా తీసి, అలాగే నిలబడిపోయింది. బట్టల మధ్య ఒక తెల్లటి దుప్పటంత గుడ్డ, ఇస్త్రీ మడతతో. అది మా హాల్లో రొట్టె, ద్రాక్షరసం ఉంచే ప్రభు బల్ల మీద పరిచే గుడ్డ. ఉతికి తెస్తానని అమ్మ ఇంటికి తెచ్చి అప్పటికి నెల అయింది.

"ఏమే, ఇది పరుగున తీసుకెళ్ళి ఆంటీకి ఇచ్చెయ్. అక్కడ కూర్చోకు. అరగంటలో బయల్దేరుతున్నాం" అంది. ఆ మాట అనేటప్పుడు నా మొహంలోకి చూడలేదు.

నేను వెళ్ళేసరికి హాలు తలుపు తీసి ఉంది, మనిషి లేదు. వెనక ఎక్కడో కుళాయి నీళ్ళు బకెట్లో పడుతున్న చప్పుడు. కుర్చీలన్నీ వరసలుగా వేసి ఉన్నాయి. దాదాపు ప్రతి కుర్చీలోనూ ఒక టిష్యూ ప్యాకెట్టు. జేబులో పట్టే చిన్న కాగితపు రుమాళ్ళ కట్ట ఉంటుందే, అది. పొద్దున ఆరాధనకు వచ్చినవాళ్ళు మరిచిపోయి వెళ్ళారనుకున్నాను. ఆంటీకి ఒక పని తప్పిద్దామని బుద్ధి పుట్టింది. గుడ్డ బల్ల మీద పెట్టి, మూలన ఉన్న ప్లాస్టిక్ సంచి తీసుకుని, మొదటి వరస నుంచి చివరి వరస దాకా ఒక్కటి వదలకుండా ఏరేశాను. చివరిది సంచిలో వేస్తుండగా ఆంటీ బకెట్టుతో లోపలికొచ్చింది.

"అయ్యయ్యో పాపా! ఏం పని చేసినావు! అంతా తీసేసినావా?"

"చెత్త అనుకున్నానాంటీ."

"చెత్తా? చెత్త కాదు లా, మనుషులు!"

నాకేమీ అర్థం కాలేదు. ఏడుపు మొహం పెట్టాను. ఆంటీ నా వైపు చూసి, బకెట్టు దించి, కుర్చీలో కూలబడి నవ్వింది. అప్పుడు చెప్పింది. ఆ ఊళ్ళో ఎవరైనా హాకర్ సెంటర్‌కు తినడానికి వెళ్తే ముందు ఖాళీ బల్ల చూసి, దాని మీద ఒక టిష్యూ ప్యాకెట్టు పెట్టి, అప్పుడు వెళ్ళి లైన్లో నిలబడతారు. దాన్ని చోప్ చేయడం అంటారు. మనవాళ్ళు ఎర్ర బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టినట్టే. కాకపోతే మన తువ్వాలును తీసి అవతల పారేసి కూర్చునేవాళ్ళు ఉంటారు. అక్కడ ఆ కాగితం కట్టను ఎవరూ ముట్టరు. "నా గుడ్డ కూడా దాని చుట్టూ తిరిగి పోవాల. బల్ల తుడిచేదాన్ని నేను, నేనే దాన్ని కదపకూడదు. పెద్ద ఆఫీసరు వచ్చినా సరే, ప్లేటు చేతిలో పట్టుకుని నిలబడాల" అంది ఆంటీ. మేం బయట తినేది తక్కువ కాబట్టి అప్పటిదాకా నాకిది తెలియదు.

జూన్ మొదలై జనం తగ్గినప్పటి నుంచి ఆవిడ ప్రతి ఆదివారం వచ్చి, రానివాళ్ళ కుర్చీలన్నీ అలా పట్టి ఉంచుతోంది. మూడు వారాలుగా అక్కడికి వస్తున్నది ముగ్గురే. ఆంటీ, ఓడలు బాగుచేసే యార్డులో పనిచేసే శ్రీకాకుళం కుర్రవాళ్ళిద్దరు. వాక్యం చెప్పే అంకుల్ కూడా సెలవు పెట్టి ఇండియా వెళ్ళిపోయారు. వాళ్ళు ముగ్గురే రెండు పాటలు పాడి, ప్రార్థన చేసుకుని, తాళం వేసి వెళ్తున్నారు. ఇంకో సంగతి కూడా చెప్పింది. హాలు ఖాళీగా ఉంటోందని చర్చి ఆఫీసుకు తెలిసింది. ఆ నాలుగు గంటల వేళ కోసం ఇంకెవరో అడుగుతున్నారు. ఈ రోజు ఆఫీసు అంకుల్ స్వయంగా చూడడానికి వస్తాడు.

"హాలు పోతే?" అన్నాను.

"పోతే మా ఇంట్లో పెడతాను. మూడు కుర్చీలున్నాయి. మిగతావాళ్ళు నేల మీద" అంది. నవ్వుతూనే అంది గాని, కొంగు తీసుకుని మెడ తుడుచుకున్న తీరులో నవ్వు లేదు. ఆవిడకు ఇంటికొచ్చే చుట్టాలు లేరు. వారంలో తెలుగులో పలకరించే మనుషులు ఆ హాల్లోనే దొరుకుతారు. ఆ సంగతి ఆ నిమిషంలో నాకు తెలిసింది.

"రా, మళ్ళీ పెడదాం. ఏ ప్యాకెట్టు అయినా ఒకటే. కుర్చీ మాత్రం మారకూడదు" అంటూ లేచింది. నేను సంచి పట్టుకుని వెనక నడిచాను. ఆవిడ ఒక్కొక్కటి తీసి పెడుతూ, ఎవరిదో చెబుతూ, పెదవులు కదిపి ఆ పేరు అనుకుంటూ ముందుకు పోయేది. తలుపు పక్కది సెరంగూన్ నుంచి వచ్చే ఒక అన్నయ్యది. వాళ్ళమ్మ ఊళ్ళో మంచం మీద ఉంది, ఎప్పుడు ఫోను వస్తుందోనని తలుపు దగ్గరే కూర్చుంటాడు. వెనక గోడకు ఆనుకున్నది కడుపుతో ఉన్న ఒక అక్కది, లేచి బయటికి వెళ్ళాల్సి వస్తే ఎవరినీ దాటక్కర్లేకుండా. మూలన ఉన్నవి కొత్తగా పెళ్ళయిన జంటవి. "వాళ్ళు పోట్లాడుకున్న వారం మధ్యలో ఒక కుర్చీ వదిలి కూర్చుంటారు. అందుకే మూడు పెడతాను" అంది ఆంటీ. నాకు ఫక్కున నవ్వొచ్చింది.

రెండో వరసకు వచ్చాం. "ఇది మీ అమ్మది. తిరిగే ఫ్యాను కింద. ఆ పిల్లకి తలనొప్పి వస్తాది, చెప్పదు, కణత నొక్కుకుంటాది. ఈ చివరిది మీ నాయనది. ఆయనకి ఆఫీసు ఫోను వస్తే లేచి పోవాల. మధ్యలో కూర్చోబెడితే అందరి కాళ్ళు తొక్కుకుంటా పోవాల. రెండుసార్లు సిగ్గుపడతాడు, మూడోసారి రాడు. చివర అయితే వస్తాడు. గోడ పక్క మీ తమ్ముడిది, పారిపోకుండా." నాలుగోది నా చేతికిచ్చింది. "ఇది నువ్వే పెట్టుకో. నువ్వు పుస్తకం చూడకుండా పాడతావు కదా. ముందు తలలు అడ్డం లేని చోటు నీది."

మేం ఆవిడ మాటలను వెక్కిరిస్తున్నన్నాళ్ళూ ఆవిడ మమ్మల్ని ఇలా చూస్తూ ఉంది. నేను తల ఎత్తలేకపోయాను.

అంతలో ఆఫీసు అంకుల్ వచ్చాడు. చైనీయుడు, లావుపాటి మనిషి, చేతిలో ఒక పుస్తకం. గుమ్మంలో నిలబడి హాలంతా చూశాడు.

"ఆంటీ, హౌ మెనీ టుడే?"

"టుడే త్రీ. అదర్ సీట్ ఆల్ చోప్" అంది ఆంటీ, తడుముకోకుండా.

ఆయనకు నవ్వొచ్చింది. పొట్ట కదిలేలా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చుని చాలా మర్యాదగా చెప్పాడు. వాళ్ళ ఇంగ్లీషు నాకు అప్పటికి బాగానే అర్థమయ్యేది. చోప్ పెట్టేది ప్లేటు తెచ్చుకునేదాకా కదా ఆంటీ, చోప్ పెట్టేసి ఇంటికెళ్ళి పడుకుంటే ఎలా, వెనక ప్లేటు పట్టుకుని నిలబడ్డవాళ్ళు ఏం కావాలి, అన్నాడు. ఆయన మాటలో తప్పు లేదు. ఆ వేళ అడుగుతున్నవాళ్ళు నిజంగానే చోటు లేక వరండాలో కూర్చుంటున్నారట.

ఆంటీ ఆయన చెప్పింది పూర్తిగా విని, తల ఊపి, వాళ్ళ ఇంగ్లీషులోనే జవాబిచ్చింది. నాకు మన మాటల్లో గుర్తుంది. "ఇంటికి పోలేదయ్యా వాళ్ళు. అన్నం కోసమే పోయినారు. లైను పొడుగు, అంతే."

నాకు మా నాన్న మెడలో ఆఫీసు కార్డు కళ్ళముందు ఆడింది. ఆయనను ఎవరైనా సోమరి అని ఉంటే నాకు కోపం వచ్చేది, భక్తి లేదని అన్నా కోపం వచ్చేది. ఆవిడ రెండూ అనలేదు.

చివరికి అంకుల్ లేచి, వచ్చే ఆదివారం మళ్ళీ వస్తాను, ఆ రోజు కుర్చీల్లో మనుషులను చూస్తేనే హాలు మీది, లేకపోతే నేనేమీ చేయలేను, అన్నాడు. వెళ్తూ వెళ్తూ నా వైపు తిరిగి, "గర్ల్, నెక్స్ట్ సండే యువర్ ఫ్యామిలీ కమింగ్?" అని అడిగాడు.

వచ్చే ఆదివారం మావయ్యవాళ్ళకు ఆఖరి రోజు. సెంతోసా దీవిలో పొద్దున్నించి రాత్రి దాకా గడపాలని వారం ముందే అనుకున్నారు. అది నాకు తెలుసు. నాన్నకు ఆ రోజు ఆఫీసు ఉందనీ తెలుసు. అయినా నోట్లోంచి వచ్చేసింది. "కమింగ్, అంకుల్."

ఆయన వెళ్ళాక ఆంటీ వైపు తిరిగాను. పెద్దవాళ్ళను అడగకుండా మాటిచ్చేశానని ఆంటీతో చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను, లేదా భయపెడుతుందనుకున్నాను. ఆవిడ బల్ల మీద ఆ తెల్ల గుడ్డ పరుస్తూ, "వస్తే సంతోషం. రాకపోయినా మీ నాలుగు సీట్లు నేను తీయను, పాపా. పో, మీ అమ్మ చూస్తూ ఉంటాది" అంది.

అమ్మ చూస్తూనే ఉంది, వీధిలో నిలబడి. చీవాట్లు పడ్డాయి. రెండంతస్తుల బస్సు పైన కూర్చున్నాక మొత్తం చెప్పేశాను. మావయ్య పెద్దగా నవ్వి, "ఏమ్మా పాస్టరమ్మా, మా అందరి తరఫునా ఒప్పేసుకున్నావా! సముద్రాన్ని సోమవారానికి మార్చమంటావా?" అన్నాడు. తమ్ముడు ఆంటీ గొంతుతో "క్యాన్ లా, క్యాన్ లా", మార్చొచ్చు మార్చొచ్చు అని ఎగిరాడు. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆదివారం నాకు ఆఫీసమ్మా" అన్నారు. అమ్మ ఒక్కటే అడిగింది. "మన కుర్చీలు ఎక్కడ వేసింది?"

చెప్పాను. ఫ్యాను కింద ఎందుకో చెప్పాను, చివర ఎందుకో చెప్పాను. నాన్న కిటికీ వైపు నుంచి ఇటు తిరిగారు. అమ్మ చేయి తనకు తెలియకుండానే కణత మీదికి వెళ్ళి ఆగిపోయింది. "నాకు తలనొప్పని ఎవరికీ చెప్పలేదే" అంది, ఎవరితోనూ కాదు.

ఆ వారమంతా మా ఇంట్లో ఫోను ఊరుకోలేదు. ఊళ్ళో ఉన్న ఒక్కొక్క కుటుంబానికీ అమ్మ ఫోను చేసింది. ఎందుకు రావట్లేదని ఎవరినీ అడగలేదు. అడగడానికి తనకు మొహం లేదు కదా. మీ కుర్చీ ఫలానా చోట ఉంది, ఫలానా కారణానికి అక్కడ వేసింది ఆంటీ, అని మాత్రం చెప్పింది. కొందరు నవ్వారు. కొందరు ఆ మాట మళ్ళీ చెప్పించుకున్నారు. కడుపుతో ఉన్న అక్క మాత్రం, "వెనక గోడకా? నేనంత లావయ్యానా?" అని పోట్లాడి, తర్వాత తప్పకుండా వస్తానందట.

ఆదివారం నాన్న చీకటితోనే ఆఫీసుకు వెళ్ళారు, పని త్వరగా తెముల్చుకుని వస్తానని. వస్తారని నాకు నమ్మకం లేదు. మేం సెంతోసా వెళ్ళాం. మూడు దాటినా మావయ్య పిల్లలు నీళ్ళలోంచి బయటికి రారు. అమ్మ తనే చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని నీళ్ళలోకి దిగి ఇద్దరినీ చెరో చెయ్యి పట్టి లాక్కొచ్చింది. మావయ్య సణుగుతూనే ఉన్నాడు గాని అందరికంటే ముందు బస్సెక్కింది ఆయనే. తడి తువ్వాళ్ళతో, కాళ్ళకు ఇసుకతో, నాలుగు దాటి పది నిమిషాలకు హాల్లో అడుగుపెట్టాం.

అప్పటికే పాట మొదలైంది. సగానికి పైగా కుర్చీల్లో మనుషులున్నారు. సెరంగూన్ అన్నయ్య తలుపు దగ్గర, అక్క గోడ దగ్గర, కొత్త జంట మధ్యలో ఖాళీ లేకుండా. నేను నా చోటుకు పోయి కూర్చున్నాను. నాన్న కుర్చీలో ప్యాకెట్టు అలాగే ఉంది. ఇండియా వెళ్ళినవాళ్ళవి ఒక పదీ పన్నెండు అలాగే ఉన్నాయి. ఆఫీసు అంకుల్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు, పుస్తకం పట్టుకుని.

మావయ్యవాళ్ళు నలుగురూ చూసి చూసి, మూడో వరసలో ఖాళీగా ఉన్న నాలుగు కుర్చీల్లో కూర్చున్నారు. ఆంటీ పాడుతున్న పాట ఆపి వెళ్ళింది.

"తమ్ముడూ, లే. అది చోప్ లా."

మా మావయ్య బెజవాడలో నలుగురిని లేపి కూర్చునే రకం. ఆయనను లేవమన్నవాళ్ళు అంతవరకు లేరు. "ఖాళీగానే ఉందిగా అమ్మా!" అన్నాడు.

"ఖాళీ కాదు. ఊరికి పోయినారు. వస్తారు."

అవతల అంకుల్ చూస్తున్నాడు. నాలుగు కుర్చీలు నిండితే మనకే మంచిది కదా! వెళ్ళి ఆవిడ కొంగు లాగి, "అంకుల్ చూస్తున్నాడాంటీ, కూర్చోనీ" అన్నాను గుసగుసగా.

"చూడనీ" అంది. అంతే.

మావయ్య లేచాడు, అత్తయ్య లేచింది, పిల్లలు లేచారు. ఇసుక రాలుతుండగా నలుగురూ గోడ పక్కన నిలబడ్డారు. నేను గుమ్మం వైపు చూస్తే అంకుల్ లేడు. వెళ్ళిపోయాడు. అమ్మ నన్ను చూసింది, నేను ఆంటీని చూశాను. ఆవిడ తల వంచుకుని పాట అందుకుంది. హాలు పోయిందనుకున్నాం అందరం.

పాట మూడో చరణంలో ఉండగా వరండాలో గోడకు ఏదో గీసుకుంటున్న చప్పుడైంది. అంకుల్ మళ్ళీ గుమ్మంలోకి వచ్చాడు. ఒకదాంట్లో ఒకటి దూర్చిన నాలుగు ఎర్ర కుర్చీలను భుజం మీద మోసుకుని, రొప్పుతూ, చెమటలు కక్కుతూ. వాటిని గోడ పక్కన ఒక్కొక్కటిగా వేసి మావయ్యకు కూర్చోమని చేయి చూపించాడు. తర్వాత ఆంటీ దగ్గరకు వచ్చి, "ఆంటీ, ఫోర్ ఓ క్లాక్ స్టిల్ యువర్స్, లా" అని మెల్లగా చెప్పి వెళ్ళిపోయాడు. ఆ వరండా వాళ్ళకు పై అంతస్తులో ఇంకో గది సర్దాడని తర్వాత తెలిసింది.

రెండో పాట మధ్యలో మా నాన్న వచ్చారు. స్టేషను నుంచి పరుగెత్తినట్టున్నారు, చొక్కా వీపుకు అంటుకుపోయింది, మెడలో కార్డు వెనక్కి తిరిగి ఉంది. ఎవరి కాలూ తొక్కకుండా చివరి కుర్చీలో కూర్చున్నారు. ఒళ్ళోకి తీసుకున్న ప్యాకెట్టు చింపి, ఒక కాగితం తీసి మొహం తుడుచుకుంటూ, ఇంకా తుడుచుకుంటూ, చాలాసేపు అలాగే ఉండిపోయారు. ఆ రోజు ఆయన ఫోను రెండుసార్లు మోగింది. రెండుసార్లూ లేచి బయటికి వెళ్ళారు, రెండుసార్లూ తిరిగొచ్చి కూర్చున్నారు.

ఏడాదిన్నరకు కంప్యూటర్ల ఊపు చల్లబడి నాన్న పని ముగిసింది, గుంటూరు వచ్చేశాం. రెండు దేశాల బళ్ళ మధ్య నా చదువు నలిగి పదో తరగతితో ఆగింది. కొన్నాళ్ళు ఆంటీకి అమ్మ ఉత్తరాలు రాసింది. ఆవిడకు తెలుగు చదవడం రాదని మాకు తెలియదు. యార్డు కుర్రవాళ్ళు చదివి వినిపించేవాళ్ళట. వాళ్ళు ఊళ్ళకు వచ్చేశాక జవాబులు ఆగిపోయాయి.

పెళ్ళయ్యాక నాకు రెండో కాన్పులో బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత దాదాపు ఏడాది నేను మందిరానికి వెళ్ళలేదు. పనులు అడ్డమై కాదు, దేవుడి మీద అలిగాను. ఎందుకు రావట్లేదని ఎవరైనా ఇంటికొచ్చి అడిగితే, లోపల పని ఉందని లేచి వెళ్ళిపోయేదాన్ని. కానీ ఎంత అలిగినా నా చోటు పోయిందని మాత్రం ఒక్క రోజూ అనిపించలేదు. ఎక్కడో ఎవరో నా పేరు అనుకుంటూ, ఆమె లైన్లోనే ఉంది, లైను పొడుగు, అని నా తరఫున చెబుతున్నారనిపించేది. పిచ్చి ఊహే కావచ్చు. ఆ ఊహే ఒక ఆదివారం నా చేత చెప్పులు తొడిగించింది. వెళ్ళి ఆడవాళ్ళ వైపు, ఎప్పుడూ కూర్చునే స్తంభం పక్కన కూర్చున్నాను. ఎవరూ ఏమీ అడగలేదు. పక్కావిడ తన పాటల పుస్తకం కాస్త నా వైపు జరిపింది. నాకు పాట నోటికి వచ్చు. అయినా ఆ పుస్తకం చివర పట్టుకుని, అందులోకే చూస్తూ పాడాను.

మే నెల వస్తే ఇప్పుడు మా మందిరమూ పలచబడుతుంది. పెళ్ళిళ్ళు, పిల్లల పరీక్షలు, అమ్మమ్మల ఊళ్ళు, రెండు పూటలా పనికి పోయేవాళ్ళు. రానివాళ్ళను మైకులో దులిపేస్తుంటే నాకు కూర్చోబుద్ధి కాదు. ఎవరు ఎక్కడ కూర్చుంటారో, అక్కడే ఎందుకు కూర్చుంటారో నాకు తెలుసు. పాట నడుస్తుండగా నా కళ్ళు ఒక్కొక్క ఖాళీ మీదికి వెళ్తాయి, పెదవులు ఆ పేరు పలుకుతాయి. వాళ్ళు వచ్చిన రోజున నేనేమీ అడగను. కాస్త జరిగి, పుస్తకం వాళ్ళ వైపు తిప్పుతాను.